నూట యాభై పౌండ్లు ఎవరికి పంపాలి?

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లె. నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను, వచ్చి ఆరేళ్లయింది. చేతికొచ్చే జీతంలో దశమభాగం 220 పౌండ్లు తీసి పక్కన పెడతాను. అందులో 70 మా ఊరి సంఘానికి. మిగతా 150 రెండేళ్లుగా ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక పాస్టర్‌గారి అనాథాశ్రమానికి పంపుతున్నాను. ముప్ఫై మంది పిల్లలున్నారంటారు. నెలనెలా వాళ్ల ఫొటోలు, పేర్లు వస్తాయి. ఈమధ్య ప్రతి వారం ఏదో ఒకటి అడుగుతున్నారు. ఫ్రిజ్ అన్నారు, బోరు అన్నారు, ఇప్పుడు షెడ్డు. ఆలస్యమైతే "దరిద్రుల మొఱ్ఱ వినక చెవి మూసికొనువాడు" అన్న వాక్యం వాట్సాప్‌లో పెడతారు. మా ఆయనేమో "మనం ఏటీఎం అయిపోయాం, బీదలెల్లప్పుడును మీతో ఉందురని ప్రభువే చెప్పాడు, ఎంతమందికని పెడతావు" అంటారు.

పోయిన డిసెంబరులో ఊరెళ్లి వంద దుప్పట్లు పంచాం. మందిరం ముందు మా ఇద్దరి బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. ఒక అవ్వ దుప్పటి తీసుకుని, ఫొటో అనగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "అవ్వా, ఇటు చూడు" అని మా తమ్ముడు గట్టిగా అరిచాడు. చూసింది. ఆ ఫొటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. చూడబుద్ధి కాదు, తీసేయబుద్ధీ కాదు. ఇక్కడి చర్చిలో సూడాన్ కోసం కానుక పడుతున్నారు. అక్కడ ఊళ్లో మా అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. సొంత ఊరికే చాలనప్పుడు సూడాన్ కూడా మన బాధ్యతేనా? ఆశ్రమానికి ఆపేస్తే పాపమా? వచ్చే క్రిస్మస్‌కీ దుప్పట్లు పంచమంటున్నారు. నాకు ఏమీ తోచడం లేదు.

జవాబు: వందనాలమ్మా.

ముందు మీ అమ్మగారి మోకాళ్ల సంగతి తేల్చేద్దాం, అది తేలిక. చేయించండి. దశమభాగంలోంచి తియ్యాలా, వేరే తియ్యాలా అని కూడా ఆలోచించకండి. తల్లిదండ్రులకు ఖర్చుపెట్టాల్సింది "కొర్బాను", అంటే దేవుడికి అర్పితం, అని పేరుపెట్టి గుడికి ఇచ్చేసి చేతులు దులుపుకున్నవాళ్లను యేసు ఎలా కడిగేశాడో మార్కు ఏడో అధ్యాయంలో ఉంది. ఇంట్లోవాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక అంటుంది. ఇంతకన్నా స్పష్టంగా ఏ వాక్యమూ ఉండదు. ఒక్క మాట మాత్రం కలుపుతాను. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు నెలలు అమ్మకు తోడుగా ఒక మనిషిని పెట్టుకుంటారు కదా. ఆమెకు నెలకు ఎంతిస్తారు? ఊళ్లో రేటు ఇంత అని మీ తమ్ముడు ఏదో చెబుతాడు. మీరు నర్సు. మనిషిని లేపి కూర్చోబెట్టడం, బాత్రూముకు నడిపించుకెళ్లడం, రాత్రి రెండింటికి పిలిస్తే లేవడం అంటే ఎంత పనో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. మీరు బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది అని యాకోబు రాసింది ధర్మం చేయని వాళ్లను గురించి కాదు, కూలి ఎగ్గొట్టిన వాళ్లను గురించి. బీదల సేవ అని మనం దేశదేశాలు తిరిగొస్తాం గానీ, మన గడప లోపల పనిచేసే మనిషి లెక్కలోకే రాదు. నేను దాన్నే ముందు లెక్కలో వేస్తాను.

మీ ఆయన చెప్పిన వాక్యం బైబిల్లో ఉన్నదే. కానీ యేసు ఆ మాట కొత్తగా పుట్టించలేదు, ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలోంచి తీసుకున్నాడు. అక్కడ వాక్యం ఇలా సాగుతుంది: "బీదలు దేశములో ఉండకమానరు. అందుచేత..." ఆ "అందుచేత" దగ్గరే మీ ఆయన ఆపేశారు. అందుచేత నీ చెయ్యి అవశ్యంగా చాపు అని దాని తరువాయి. యేసు ఆ మాట అన్న రోజు బేతనియ ఊళ్లో బల్ల దగ్గర కూర్చున్న వాళ్లకు మిగతా సగం నోటికి వచ్చే ఉంటుంది. అయితే ఏటీఎం అన్న మాటను మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఆయన చిరాకులో ఒక నిజం ఉంది. ఏటీఎం దగ్గరకు వెళ్లినవాడు దాని క్షేమం అడగడు. అదీ వెళ్లినవాడి క్షేమం అడగదు.

ఇప్పుడు ఆశ్రమం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఇలాంటి ఉత్తరాలు నాకు డల్లాస్ నుంచి, దుబాయ్ నుంచి, సిడ్నీ నుంచి వస్తూనే ఉంటాయి.

ఆ పాస్టర్‌గారు మోసగాడని నేను అనను. నాకు ఆయన తెలియదు, మీకూ తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. రెండేళ్లు డబ్బు పంపారు, డిసెంబరులో ఊరికీ వెళ్లారు, ఆశ్రమానికి మాత్రం వెళ్లలేదు. వెళ్లారని ఉత్తరంలో ఎక్కడా లేదు మరి. వెళ్లి ఉంటే మొదట కనిపించే సంగతి ఒకటుంది. నేను చూసిన చాలా హోముల్లో "అనాథలు" అన్న పిల్లల్లో సగానికి పైగా అమ్మో నాన్నో ఉన్నవాళ్లే. నాన్న పోయాడు, అమ్మ మిరప కోతలకు వలస పోతుంది, పిల్లను ఎక్కడ ఉంచాలో తెలియక హోములో వదిలింది. ఆ అమ్మకు కావలసింది ఆరు నెలల పాటు పిల్ల తిండికీ, బడికీ ఒక దారి. ప్రభుత్వ గురుకులంలో సీటు వచ్చేలా ఒకరు దరఖాస్తు నింపి పెడితే చాలామందికి అది సరిపోతుంది. మనం మాత్రం తల్లి నుంచి పిల్లను విడదీసి ఉంచడానికి నెలనెలా డబ్బు కడుతున్నామేమో, ఎవరికి తెలుసు?

అందుకని అడగండి. పిల్లలను ఉంచుకునే ఏ హోమైనా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఏ పిల్లనైనా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీదే చేర్చుకోవాలి. ఆ రెండు కాగితాలూ చూపించమనండి. ఇంకోటి, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో ఎవరో గుర్తుపట్టేలా బయటపెట్టడం అదే చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం నేరం. అంటే మీకు నెలనెలా సంతోషంగా వచ్చే ఆ ఫొటోలున్నాయే, అసలు రాకూడనివి అవే. మంచి హోమైతే "ఫొటోలు పంపకూడదమ్మా, వచ్చి చూడండి" అంటుంది.

డబ్బు దారి కూడా చూసుకోండి. మీ దగ్గర ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్న రోజు నుంచి లెక్క మారిపోతుంది, విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అప్పుడిక ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020లో చట్టం సవరించాక ఒక సంస్థ తెచ్చుకుని ఇంకో సంస్థకు పంచిపెట్టడానికీ వీల్లేదు. పాస్టర్‌గారి సొంత ఖాతాకో, వాళ్ల బావమరిది ఖాతాకో వేస్తుంటే మీరు వాళ్లకు చేసేది ఉపకారం కాదు, రేపొద్దున ఆయన మెడకు చుట్టుకునే పని.

"దైవసేవకుణ్ణి లెక్క అడగడమా" అని మీకు గుబులుగా ఉంటుంది, నాకు తెలుసు. పౌలు సంగతి చూడండి. కొరింథు, మాసిదోనియ సంఘాల దగ్గర యెరూషలేములోని బీదల కోసం చందా పోగుచేశాడు. ఆ డబ్బు ఒక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మామీద తప్పు మోపకూడదు అని తనే రాసుకున్నాడు. రెండో కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయం. పౌలే అంత జాగ్రత్తపడితే, ఫ్రిజ్ బిల్లు అడిగితే మనవాళ్లకు కోపం రావడం ఏమిటి? మీరు పంపిన డబ్బుకు సామెతల పుస్తకంలోంచి బెదిరింపు వాక్యం రసీదుగా రాకూడదు. దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును అన్న వాక్యానికి ముందు "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అని కూడా ఉంది.

కాగితాలు చూపిస్తే, వెళ్లి చూసుకుని, కొనసాగించండి. చూపించకపోతే ఒక నెల ముందే చెప్పి ఆపండి. పాపం కాదు. అయితే పిల్లలు నిజంగా ఉంటారు కదా, ఆపి ఊరుకోకండి. పిల్లల సహాయ నంబరు చైల్డ్‌లైన్ 1098కి ఊళ్లోవాళ్ల చేత ఫోన్ చేయించి ఫలానా చోట ఫలానా హోము ఉంది, రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి అని చెప్పించొచ్చు. మీ పేరు బయటపెట్టరు.

గుండ్లకమ్మ ఒడ్డు అన్నారు. ఆ నది పేరు చూడగానే క్లౌ దొర గుర్తొచ్చాడు. మీ సంఘంలో ముసలివాళ్లను అడిగితే ఇంకా కథలు కథలుగా చెబుతారు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకు ముందు నేర్చుకున్నది సర్వే పని. 1876లో మొదలైన కరువు రెండేళ్లు నడిచింది. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే ఆయన మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. తిండి లేక తరలివచ్చిన మాదిగ కుటుంబాలు పనిచేశాయి, కూలి తీసుకున్నాయి. ఊరికే పంచడం ఆయనకు రాక కాదు. మనిషి తవ్వి, కొలిపించుకుని, కూలి లెక్కపెట్టుకుని ఇంటికి పోతే, కరువు పోయాక కూడా ఎవరి ముఖమైనా చూడగలడు.

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఇంకోటి. ఆ కరువు నెలల్లో బాప్తిస్మం ఇమ్మని మందలు మందలుగా వచ్చారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో ఆకలి మీద తెలియదన్నాడు. గింజలు పండి, కూలి పని ముగిసి, ఆయన ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరం ఆ సంఖ్యే చెప్పుకుంటాం, ప్రసంగాల్లో చప్పట్లు కొట్టిస్తాం. ఆ ముందు నెలల్లో ఆయన వద్దన్న మాట ఎవరూ చెప్పరు. ఇవ్వాళ బియ్యం మూట ఇచ్చి ప్రార్థన కూటానికి రమ్మనే వాళ్లకు, దుప్పటి ఇచ్చి ఫొటోకు నిలబెట్టే వాళ్లకు అది చెప్పాలి. ఫొటో కూడా ఒక రకం వసూలే.

ఆ కరువు గురించి మరో మాట, సూడాన్ దగ్గరకు వస్తున్నాను కాబట్టి. జనం ఆకలితో చస్తున్న ఆ ఏళ్లలోనే దేశంలోంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. కరువు పనుల్లో కూలి ఎక్కువైపోతోందని ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో దాన్ని రోజుకు ఒక పౌండు బరువు గింజలకూ, ఒక అణాకూ తగ్గించాడు. గింజలు అరకిలో కూడా కాదు. రోజంతా మట్టి మోసిన మనిషికి. అదే ఏడు లండన్‌లో మేయరు ఇంటి పేరు మీద, మాన్షన్ హౌస్ ఫండ్ అని, మద్రాసు కరువు కోసం చందాలు వసూలు చేశారు. ఒంగోలు ఎక్కడుందో తెలియని వాళ్లు ఇచ్చారు. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చారు అని నేను అంటే మా సంఘపెద్ద ఒకాయన నొచ్చుకున్నారు. కానీ ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఆ లెక్క తెలిసి ఉండడం మంచిది. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు ఇచ్చిన గింజలు తిని బతికినవాళ్ల మునిమనవరాలు కావచ్చు మీరు. ఇప్పుడు మీరుండేది ఆ చందా పుట్టిన దేశంలో.

కాబట్టి సూడాన్ మన బాధ్యతా అంటే, అవును, అంటాను. అంతియొకయ సంఘం మొదటి కరువు కానుక పంపింది యూదయలో తాము చూడని మనుషులకు. ఎంత పంపారు? "తన తన శక్తికొలది" అని రాసి ఉంది అపొస్తలుల కార్యాలు 11లో. లోకమంతటి భారం మీ ఒక్కరి నెత్తిన పెట్టలేదు, మీ శక్తికొలది అనే ఉంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ, పారామిలటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టులో దార్ఫూర్‌లోని జంజమ్ శిబిరంలో కరువు ఉందని అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. అక్కడ పెద్ద పెద్ద సంస్థలు చేరలేని వాడల్లో ఆ వాడవాళ్లే కలిసి గంజి కేంద్రాల్లాంటివి నడుపుతున్నారు, పెద్ద కుండల్లో పప్పు, జొన్న ముద్ద వండి పెడుతున్నారు. నాకు వాళ్లంటే గౌరవం. మీ చర్చి డబ్బు ఎటు పోతుందో అడగండి, అలాంటి వంటశాలలకు చేరే దారి ఉంటే అందులో వెయ్యండి. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో సూడాన్ డాక్టర్లు చాలామంది ఉన్నారు, మీ వార్డులో ఒకరైనా ఉండకపోరు. టీ బ్రేకులో "మీవాళ్లు ఎలా ఉన్నారు" అని అడిగారా ఎప్పుడైనా? డబ్బుకన్నా ముందు అది చెయ్యొచ్చు. డబ్బుకైతే, అక్కడ పన్ను కడుతున్నారు కాబట్టి గిఫ్ట్ ఎయిడ్ కాగితం మీద సంతకం పెట్టండి, మీ ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. నెలకు ఇరవై పౌండ్లు అనుకోండి. ఆ ఇరవై వల్ల మీ ఊరికి ఏమీ తగ్గిపోదు.

ఇక దుప్పట్లు. నా సంగతి ఒకటి చెబుతాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. సంఘం తరఫున వెళ్లిన గుంపులో బట్టల మూటలు విప్పే పని నాకు పడింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మూటలు. విప్పితే ఉన్ని కోట్లు, గౌన్లు, ఒక కాలివే ఉన్న చెప్పులు. ఒకామె కోటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, గుండ్రంగా చుట్టి నెత్తిన చుట్టకుదురులా పెట్టుకుని దాని మీద బిందె ఎత్తుకుంది. మా ఆడపిల్లలం నవ్వాపుకోలేకపోయాం. ఆమె మాత్రం నవ్వలేదు. "అమ్మాయ్, అన్నం వండుకోడానికి గిన్నేమన్నా ఉందా?" అంది. నాలుగు లారీల బట్టలున్నాయి, గిన్నె ఒక్కటి లేదు. వచ్చేముందు ఒక్కరూ ఒక్క మనిషినీ అడగలేదు.

మీ పల్లెలో డిసెంబరు చలికి దుప్పటి పనికొస్తుంది, కాదనను. కానీ కిందటేడు వంద ఇచ్చారు, అవి ఇంకా చిరిగి ఉండవు. ఈ ఏడు ఆ డబ్బు ఉంచి, ముందు అడగండి. ఫ్లెక్సీ వద్దు. మీ తమ్ముడు ఉన్నాడే, అవ్వ మీద అరిచినవాడు, ఈ పని అతనికే అప్పజెప్పండి. ఆ అవ్వ ఇంటికి వెళ్లి కూర్చోమనండి. పెన్షన్ వస్తోందా అని అడగమనండి. ఆంధ్రాలో 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4,000 ఇస్తున్నారు. ఆధార్‌లో వయసు తప్పుపడో, చేతిరేఖలు అరిగి వేలిముద్ర పడకో ఆగిపోయిన వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు. కూలి పని చేసి చేసి అరిగిన వేళ్లు అవి. సచివాలయానికి నాలుగుసార్లు తిప్పి అది సరిచేయిస్తే ఏడాదికి 48,000 రూపాయలు, ఎవరి ముందూ కొంగు అడ్డం పెట్టుకోనక్కర్లేకుండా. నాలుగుసార్లు ఆటో ఖర్చు మీరు పంపండి. తమ్ముడు విసుక్కుంటాడు, పర్లేదు.

డోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారు అంతకు ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. మీ ఆస్తులు బీదలకు పంచారు, మీ శరీరాలు కాల్చుకోడానికి ఇచ్చారు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. తెల్లదొరలతో నిండిన సభలో, తమను పోషిస్తున్న వాళ్ల ముఖం మీదే. కొందరికి కోపం కూడా వచ్చింది. ఇప్పుడు ఆ కుర్చీల్లో మనం కూర్చున్నాం, మీ పౌండ్లు, అమెరికా వాళ్ల డాలర్లు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 220, 70, 150, వంద దుప్పట్లు, ముప్ఫై మంది పిల్లలు, అన్నిటికీ లెక్క ఉంది. ఏడాదిగా మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ అవ్వ పేరు మాత్రం లేదు. అమ్మకు ఫోన్ చేసినప్పుడు కనుక్కోండి. ఫొటో చూపించనక్కర్లేదు, ఆనవాలు చెబితే ఊళ్లో తెలియకుండా ఉండదు. కనుక్కున్నాక ఆ ఫొటో ఫోన్లోంచి తీసెయ్యండి. పేరు నాకు రాయండి.